ఆమె నీకేమవుతుంది?

ఫోన్‌లో ఫొటోల యాప్ అప్పుడప్పుడు ఒక ప్రశ్న అడుగుతుంది. రెండు ముఖాలు గుండ్రంగా కత్తిరించి పక్కపక్కన పెట్టి, వీళ్లిద్దరూ ఒకరేనా, వేర్వేరా అంటుంది. మొన్న నాకు చూపించిన వాటిలో ఒకటి మా అమ్మ ముఖం, రెండోది మా పిన్నిది. అమ్మది పెళ్లికి ముందు స్టూడియోలో దిగిన ఫొటో, దాన్నే నేను ఫోన్‌తో మళ్లీ తీసి పెట్టుకున్నాను. పిన్నిది పోయిన సంక్రాంతి నాటిది. ‘వేర్వేరు’ అని నొక్కాను. యాప్ ఇంకో రెండు ముఖాలు చూపించింది.

నేను చేసేది సాఫ్ట్‌వేర్ పనే కాబట్టి దీని వెనక ఏం జరుగుతుందో కొంచెం తెలుసు. ఫొటోలో ముఖం దొరకగానే దాన్ని కొన్ని అంకెల వరసగా మారుస్తారు. గూగుల్ పరిశోధకులు 2015లో ఫేస్‌నెట్ అనే పద్ధతి గురించి రాసిన పేపర్‌లో ఒక్కో ముఖానికి 128 అంకెలు. రెండు ముఖాల అంకెలు దగ్గరగా ఉంటే ఒకే మనిషి, దూరంగా ఉంటే వేరే మనిషి. ఎటూ తేలకపోతే మనల్ని అడగడం. అక్కచెల్లెళ్లు ఇలా ఎటూ తేలని చోట పడటం మామూలే. అమ్మకూ పిన్నికీ దూరం ఎంతో అంకెల్లో చెప్పగల మెషిన్‌కి, పిన్ని అంటే చిన్న అమ్మ అని మాత్రం తెలీదు.

మనవాళ్ల ప్రశ్న వేరు. కొత్త మనిషిని వెంటబెట్టుకుని ఊళ్లో బస్సు దిగండి. అరుగు మీద కూర్చున్న పెద్దాయన మొదట అడిగేది ‘ఈయన నీకేమవుతాడు?’ అనే. పేరూ ఉద్యోగం తర్వాత. ‘ఏమీ కాడు తాతా, ఫ్రెండు’ అంటే ఆయన ముఖంలో ఒక చిన్న అసంతృప్తి. ఏమీ కానివాడు నీతో పండక్కి ఎందుకొచ్చాడు మరి?

ఆ ప్రశ్న ఈమధ్య నన్ను పట్టుకుని వదలడం లేదు. కారణం, ఒకదాని తర్వాత ఒకటి చేతికొచ్చిన మూడు అనువాద పుస్తకాలు, ఒక ఫొటోల పుస్తకం. ఈ వారం వాటి ముచ్చటే.

మొదటిది కొరియన్ నవల. రచయిత్రి క్యుంగ్ సూక్ షిన్. 2008లో వచ్చింది. చి యంగ్ కిమ్ చేసిన ఇంగ్లీషు అనువాదానికి ‘ప్లీజ్ లుక్ ఆఫ్టర్ మామ్’ అని పేరు. 2011 మ్యాన్ ఏషియన్ లిటరరీ ప్రైజ్ కూడా వచ్చింది దీనికి. కథ చెప్పేస్తున్నానని తిట్టుకోకండి, ముందే తెలిస్తే పాడయ్యే రకం పుస్తకం కాదిది. పల్లెటూరి నుంచి పిల్లల దగ్గరికి వచ్చిన ముసలి దంపతులు సోల్ స్టేషన్‌లో రైలెక్కుతారు. భర్త ఎక్కాడు. తలుపులు మూసుకున్నాక చూస్తే భార్య లేదు. ఇక కనబడదు.

పిల్లలంతా పెద్దకొడుకు ఇంట్లో కూర్చుని ‘కనబడుటలేదు’ కాగితం తయారు చేయడం మొదలుపెడతారు. కూతురు పేరున్న రచయిత్రి, రాసే పని ఆమెకే ఇచ్చారు. మొదటి గడిలోనే ఆగిపోయింది. పుట్టిన తేదీ రాస్తే, తండ్రి కాదంటాడు. రికార్డులో ఉన్నది 1938, అసలు పుట్టింది 1936. తర్వాత ఫొటో. ఇంట్లో అందరూ కలిసి దిగినవి బోలెడున్నాయి కానీ, అమ్మది ఈమధ్య తీసింది ఒక్కటీ లేదు. కెమెరా తీస్తే చాలు ఆమె ఏదో పనుందని పక్కకి తప్పుకునేది. చివరికి దొరికింది తండ్రి డెబ్బయ్యో పుట్టినరోజుది. పార్లర్‌లో జుట్టు చేయించుకుని, పెదాలకు ఎర్ర లిప్‌స్టిక్ వేసుకుని ఉంది అందులో. తప్పిపోయిన మనిషి అలా ఉండదు కదా, ఈ ఫొటో చూసి ఎవరు గుర్తుపడతారని చిన్నకొడుకు సందేహం.

ఇక్కడ నేను పుస్తకం మూసి కాసేపు కూర్చున్నాను. ఫొటోలో అందంగా ఉన్నావిడా అమ్మే, రైలు తప్పినావిడా అమ్మే. ‘ఒకరేనా, వేర్వేరా’ అని ఆ ఇంట్లోవాళ్లని అడిగితే వాళ్లకీ తేల్చుకోవడం కష్టమయ్యేది.

ఆల్బమ్‌లో ఎవరున్నారు అన్నదానికంటే ఎవరు లేరు అన్నది చూడాలనిపిస్తుంది నాకు. మా ఇంట్లో ఏ పెళ్లి ఫొటోల్లోనూ మా బాబాయ్ ఉండడు. పోట్లాడి రాలేదనుకునేరు. కెమెరా ఆయన చేతిలో ఉంటుంది. మా తాతయ్య చివరి పదేళ్లు ఎలా నవ్వేవాడో మాకు తెలిసిందంటే ఆయన తీసిన ఫొటోల వల్లే. ఆ నవ్వు కెమెరాని చూసి కాదు, బాబాయ్‌ని చూసి. కాబట్టి ఆ ఫొటోల్లో ఆయన లేడని అనడానికీ లేదు.

సరే, కొరియన్ నవలకి వద్దాం. అందులో ఇంకో విషయం, అనువాదం మీద ఆసక్తి ఉన్నవాళ్లకి బాగా పనికొచ్చేది. మొదటి అధ్యాయం కూతురిని ‘నువ్వు’ అంటూ చెబుతుంది. మూడోది తండ్రినీ అలాగే ఎదురుగా పెట్టుకుని చెబుతుంది. కొరియన్‌లో ఈ రెండు పిలుపులూ వేరు. కూతురికి ‘నో’, తండ్రికి ‘తాంగ్‌సిన్’. రెండోది భార్యాభర్తలు ఒకరినొకరు పిలుచుకోవడానికి ఎక్కువగా వాడే మాట. ఇంగ్లీషులో రెండింటికీ ‘యూ’ ఒక్కటే. నేను ఇంగ్లీషులో చదువుతున్నా బుర్రలో మాత్రం తెలుగే నడుస్తోంది. కూతురి అధ్యాయంలో ‘నువ్వు’ దానంతటదే వచ్చింది. తండ్రి దగ్గరికొచ్చేసరికి ఆగిపోయాను. నువ్వా, మీరా? మాట్లాడుతున్నది ఎవరో తేలితే తప్ప ఆ ఒక్క మాట రాయలేం. తప్పిపోయిన భార్యే అడుగుతోందనుకుంటే ‘మీరు’ అవుతుంది, ఆ ‘మీరు’లో యాభై ఏళ్ల కాపురం మొత్తం వచ్చి కూర్చుంటుంది. తెలుగులో వరస తేలకుండా వాక్యం ముందుకు నడవదు.

కె-డ్రామాలు చూసేవాళ్లకి ఇదంతా కొత్త కాదు. అమ్మాయి ‘ఒప్పా’ అంటుంది, కింద సబ్‌టైటిల్‌లో అబ్బాయి పేరు పడుతుంది. ఒప్పా అంటే ఆడపిల్లకి అన్నయ్య. కానీ ప్రేమించినవాడినీ అలాగే పిలుస్తారు. ఇది చూసి మన గ్రూపులో ఒకడు ‘ఛీ’ అన్నాడు. వాడే ఆఫీసులో కనబడ్డ ప్రతివాడినీ ‘మామా’ అంటాడు, ఆ మామల్లో ఒక్కరి కూతురినీ చేసుకునే ఉద్దేశం వాడికి లేదు. పిలుపులు అలా ఇంట్లోంచి వీధిలోకి నడిచిపోతుంటాయి. (కొరియన్‌లో అమ్మ ‘ఒమ్మా’, నాన్న ‘అప్పా’. తమిళం దగ్గరి చుట్టంలా వినిపిస్తుంది కానీ ఇంతమాత్రాన భాషాశాస్త్రం ఆ చుట్టరికాన్ని ఒప్పుకోదు.)

చుట్టరికం అన్న మాట వచ్చింది కాబట్టి రెండో పుస్తకం. వివేక్ శానభాగ్ కన్నడ నవలిక ‘ఘాచర్ ఘోచర్’. ఇంగ్లీషు చేసింది శ్రీనాథ్ పేరూర్. చిన్నది, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు. శానభాగ్ ఇంజనీరింగ్ చదివినవాడు, అది తెలిశాక నాకు కొంచెం అభిమానం ఎక్కువైందని దాచను. బెంగళూరులో ఒక మధ్యతరగతి కుటుంబం, మసాలా వ్యాపారంతో ఉన్నట్టుండి డబ్బున్న కుటుంబమవుతుంది. సంపాదించేది కథ చెప్పే కుర్రాడి నాన్న తమ్ముడు. పేరూర్ ఆయన్ని ఇంగ్లీషులో ‘అంకుల్’ చేయలేదు, ‘చిక్కప్ప’ అనే ఉంచాడు. ఎంత మంచి పని చేశాడో తెలుగువాళ్లకి వెంటనే అర్థమవుతుంది. చిక్క అంటే చిన్న, అప్ప అంటే నాన్న. చిక్కప్ప అంటే మన చిన్నాన్న. ఆ ఇంట్లో అసలు నాన్న పక్కకి జరిగిపోయి, చిన్న నాన్న చుట్టూ అందరూ తిరుగుతుంటారు. ఆయనకు టీ ఎప్పుడు కావాలో, పడుకున్నప్పుడు ఎవరూ చప్పుడు చేయకూడదో, అన్నీ అందరికీ తెలుసు. ప్రేమా, భయమా? ఆ పుస్తకం రెండింటినీ విడదీసి చూపించదు. ఘాచర్ ఘోచర్ అంటే చిక్కుపడిపోవడం. కన్నడంలో కూడా లేని మాట, కథలో కుర్రాడి భార్య పుట్టింట్లో చిన్నప్పుడు పిల్లలు పుట్టించుకున్నది.

అందులో ఒక ఉదయం ఒకావిడ చిక్కప్పని వెతుక్కుంటూ ఆ ఇంటి గుమ్మంలోకి వస్తుంది. చేతిలో ఆయనకిష్టమని వండి తెచ్చిన మసూర్ పప్పు కూర. ఇంట్లో ఆడవాళ్లు నోటికొచ్చినట్టు తిట్టి తరుముతారు. కూర నేలపాలు. చిక్కప్ప లోపలే ఉన్నాడు, బయటికి రాడు. ఆమె ఆయనకి ఏమవుతుంది? ఏదో అయ్యే ఉంటుంది, ఏం ఇష్టమో తెలిసి వండింది కదా. కానీ ఆ ఏదోకి ఆ ఇంట్లో పేరు లేదు. పేరు లేనిదాన్ని గుమ్మం దాటనివ్వలేదు. కోడలు ఒక్కతే ఆవిడ పక్షాన మాట్లాడుతుంది, దానికి ఆమె తర్వాత చాలా కట్టాల్సి వస్తుంది.

కొరియన్ నవల్లోనూ ఇలాంటి మనిషి ఒకడున్నాడు. పిల్లలెవరికీ తెలియని మనిషి. జీవితాంతం కష్టం వచ్చినప్పుడల్లా ఆ అమ్మ వెళ్లి మాట్లాడుకున్నవాడు. ప్రియుడు కాదు, అన్న కాదు, చుట్టం కాదు. కూతురికి ఇంకొకటి కూడా తెలియదు. చదువురాని అమ్మకి ఆమె పుస్తకాలు చదివి వినిపించింది అమ్మ సాయానికి వెళ్లే అనాథాశ్రమంలోని ఒకమ్మాయి. సొంత కూతురి పుస్తకాన్ని బయటివాళ్ల గొంతులో విన్నది ఆ తల్లి.

పోయినేడు నా రూమ్మేట్‌కి డెంగీ వచ్చింది. అర్ధరాత్రి ప్లేట్‌లెట్లు పడిపోతే ఆసుపత్రికి తీసుకెళ్లాను. కౌంటర్ దగ్గర ఫారం. పేషెంట్‌తో సంబంధం అని ఒక గడి. ఫ్రెండ్ అని రాశాను. ‘బ్లడ్ రిలేషన్ ఎవరైనా ఉన్నారా?’ అని అడిగాడు అతను. మొరటుగా ఏం కాదు, వాళ్ల రూల్ అది. వాడి అమ్మానాన్నా శ్రీకాకుళంలో ఉన్నారు, వచ్చేసరికి తెల్లారి మధ్యాహ్నమవుతుంది. ఆ రాత్రి వాడికి ఏ మందు పడదో, వారం కింద ఏం తిన్నాడో, నాకు తప్ప ఈ నగరంలో ఎవరికీ తెలీదు. ఆరేళ్లు ఒకే వంటగదిలో గడిపాం. వెనక లైన్లో ఉన్న ఒక పెద్దావిడ ‘తమ్ముడని రాసెయ్యి బాబూ, ఎవరు చూస్తారు’ అంది. నేను పెన్ను పట్టుకుని ఆలోచిస్తుంటే కౌంటర్ అతనే విసుగొచ్చి ‘సరే, ఫ్రెండే ఉంచండి, ఫోన్లో వాళ్ల నాన్నతో మాట్లాడించండి’ అన్నాడు. మర్నాడు వాళ్లమ్మ వచ్చాక నన్ను పట్టుకుని ‘నువ్వు నా పెద్దకొడుకువి’ అంది. మంచిమాటే. కానీ ఆవిడకీ ఒక గడి కావాల్సి వచ్చింది చూశారా, ఫ్రెండ్ అన్నది సరిపోలేదు.

ఫొటోల పుస్తకం గురించి ఇప్పుడు చెబుతాను. దయానితా సింగ్ ‘మైసెల్ఫ్ మోనా అహ్మద్’, 2001లో వచ్చింది. 1989లో లండన్ పత్రిక ‘టైమ్స్’ కోసం ఢిల్లీలో హిజ్రాల ఫొటోలు తీయడానికి వెళ్లి మోనాని కలిసింది దయానిత. ఫొటోలు దిగాక, ఇవి లండన్‌లో అచ్చవుతాయని మోనాకి తెలిసింది. అక్కడ తన బంధువులున్నారు, చూస్తారు, ఫిల్మ్ ఇచ్చెయ్యమంది. దయానిత ఇచ్చేసింది. అసైన్‌మెంట్ పోయింది. ఒక ఫ్రీలాన్స్ ఫొటోగ్రాఫర్‌కి అప్పట్లో అది చిన్న విషయం కాదు. తీసిన రీలు తిరిగిచ్చేయడంతో మొదలైన స్నేహం 2017లో మోనా చనిపోయేదాకా నడిచింది.

అసలు ఫొటోలు చూడండి. మోనా ఆయేషా అనే పాపని పెంచుకుంది. పాప పుట్టినరోజులు ఊరంతా పిలిచి చేసింది. ఆ ఫొటోల్లో మోనా ముఖం మన ఇళ్లల్లో ఫస్ట్ బర్త్‌డే నాడు కేకు వెనక నిలబడే తల్లి ముఖమే, తేడా ఏమీ కనబడదు. తర్వాత పాప దూరమైంది. తన సమూహానికీ దూరమై మోనా ఒక ఖబరస్తాన్‌లో ఇల్లు కట్టుకుంది. హిజ్రా సమూహాల్లో గురువు, చేలా, గురుభాయ్ అని వాళ్ల వరసలు వాళ్లకున్నాయి. పుట్టిన ఇల్లు వదిలాక కట్టుకున్న చుట్టరికాలు అవి. మోనా కథలో అవి కూడా నిలబడలేదు. మిగిలింది సమాధుల మధ్య ఒక ఇల్లు, కొన్ని జంతువులు, అప్పుడప్పుడు కెమెరాతో వచ్చే ఒక స్నేహితురాలు.

ఆ పుస్తకంలో నన్ను ఎక్కువ పట్టింది ఫొటోల పక్కన ఉన్న మాటలు. అవి దయానిత రాయలేదు. మోనా పబ్లిషర్‌కి పంపిన ఈమెయిళ్లు. మామూలుగా ఇలాంటి పుస్తకాల్లో ఫొటో ఒకరిది, దానికింద వివరణ ఫొటో తీసినవాళ్లది. ఇక్కడ ఫొటోలో ఉన్న మనిషే తను ఎవరో చెప్పుకుంటుంది, ఫిర్యాదు చేస్తుంది, గొప్పలు పోతుంది. ‘ఈమె మీకేమవుతుంది’ అని దయానితని అడిగితే ఏం చెప్పేదో గానీ, పుస్తకం పేరు మాత్రం మోనా గొంతులోనే ఉంది.

చివరిది ఫ్రెంచ్. రోలాఁ బార్త్ ‘కెమెరా లూసిడా’, 1980లో వచ్చింది, మరుసటేడు రిచర్డ్ హోవర్డ్ ఇంగ్లీషు చేశాడు. ఫొటోగ్రఫీ సిద్ధాంతం అని కాలేజీల్లో పెడతారు కాబట్టి చాలామంది భయపడి వదిలేస్తారు. మొదటి సగం కొంచెం కష్టమే, నేనూ కొన్ని పేజీలు దూకాను. రెండో సగం కొడుకు తల్లి కోసం వెతకడం. ఆమె 1977లో పోయింది. ఆయన పాత ఫొటోలు ఒక్కొక్కటీ తీసి చూస్తాడు. ముక్కు ఆమెదే, నిలబడ్డ తీరు ఆమెదే, ఆమె మాత్రం కాదు. చివరికి ఒకటి దొరుకుతుంది. 1898లో అద్దాల గదిలాంటి తోటలో అన్నతో నిలబడ్డ అయిదేళ్ల పిల్ల. ఆయన పుట్టడానికి చాలా ఏళ్ల ముందుది. అందులో అమ్మ కనబడుతుంది ఆయనకి.

పుస్తకంలో వేరే ఫొటోలు చాలానే ఉన్నాయి, ఆ ఒక్కటి మాత్రం వేయలేదు. మీకది ఇంకో పాత ఫొటో అంతే అవుతుంది, నాకొక్కడికే అమ్మ అన్నది ఆయన కారణం. రోజుకి నాలుగు స్టోరీలు పెట్టే మనకి ఇది కొంచెం వింతగా అనిపించొచ్చు. నాకైతే అసూయగా అనిపించింది.

అయిదేళ్ల పిల్లలో అమ్మ ఎలా దొరికిందంటే, దానికీ ఆయన జవాబు ఉంది. ఆమె చివరి రోజుల్లో మంచం మీద ఉన్నప్పుడు ఆయనే సేవ చేశాడు, గిన్నెతో టీ తాగించాడు. అప్పుడు ఆమె తన చిన్న కూతురైపోయిందంటాడు. పెళ్లీ పిల్లలూ లేని మనిషి, తల్లినే పిల్లగా పొందాడు. ఇంగ్లీషు వ్యాసాల్లో ఈ మాటని ఏదో పెద్ద తాత్విక ఆవిష్కరణలా రాస్తారు. తెలుగులో మనం ఇది రోజూ చేసే పనే. కూతురిని ‘అమ్మా’ అంటాం, ‘నా తల్లే’ అంటాం. మా అమ్మ నాకు రాత్రి తొమ్మిదింటికి పంపే మెసేజ్ ‘నాన్నా తిన్నావా’. దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెడితే ఎవరో ఒకావిడ తన తండ్రిని అడుగుతున్నట్టు ఉంటుంది. తప్పు అనువాదం అందామా? అంత తప్పు కూడా కాదేమో.

మళ్లీ ఆ కొరియన్ నవల పేరు దగ్గరికి. అమెరికాలో ‘మామ్’, బ్రిటన్‌లో అదే పుస్తకం ‘మదర్’. కొరియన్ పేరులో ఉన్న ‘పుతాక్’ అన్న మాటకి అర్థం బతిమాలి అప్పగించడం. ఇంగ్లీషు ‘లుక్ ఆఫ్టర్’లో చూడటం ఉంది కానీ అప్పగించడం లేదు. తెలుగులో ఏం పెట్టొచ్చు? ‘అమ్మను చూసుకోండి’ అంటే చూపు వచ్చింది. మనకి అప్పగింతలు అని ఒక తంతే ఉంది, కానీ అందులో అప్పగించేది కూతురిని. ఇక్కడ కూతురే తల్లిని అప్పగిస్తోంది. వాటికన్‌లో, ఒళ్లో కొడుకు శవంతో కూర్చున్న మేరీ విగ్రహం ముందు నిలబడి. బస్సు కదిలేముందు కిటికీలోంచి మనం తమ్ముడికి చెప్పే రెండు మాటలే దీనికి సరిపోతాయని నా ఓటు. ‘అమ్మ జాగ్రత్త.’

ఈ కథంతా మొన్న ఫోన్లో మా అమ్మకి చెప్పాను. ఆవిడ అనువాదం గురించి ఏమీ అనలేదు. ‘ఇంతకీ దొరికిందా ఆవిడ?’ అంది. దొరకదమ్మా అన్నాను. కాసేపాగి, ‘అంత జనంలో పెళ్లాం ఎక్కిందో లేదో చూసుకోకుండా ముందెక్కేశాడా ఆయన?’ అంది. అవునన్నాను.

‘మీ నాన్నా అంతే. పదడుగులు ముందు నడుస్తారు. వెనక్కి చూడరు.’